‘గట్టు మీద దీపం’ ఎక్కడ పుట్టింది

53వ ఏడు, కార్తీకం 2

ఆఫీసు రిజిస్టరులో నాకు నాలుగే గళ్లు: వస్తువు, పుట్టుక, సాక్ష్యం, సంతకం. అనుమానానికి గడి లేదు. అందుకే పాత ఆటుపోట్ల పట్టికల వెనక వైపు ఈ లాగ్ మొదలుపెడుతున్నాను. కాగితం చెమ్మగా ఉంది, సిరా పాకుతోంది. పాకనీ.

నేను కొత్తరేవు పుట్టుకల నమోదు అధికారిని. పుట్టుకలంటే మనుషులవి కావు. పాటలవి, బొమ్మలవి, ఉత్తరాలవి. యంత్రాలు అన్నీ రాయడం నేర్చాక ఏది ఎవరిదో తేలక, ప్రతి ఊళ్లోనూ ఒక మనిషిని కూర్చోబెట్టి, విచారించి సంతకం చేయమన్నారు. పన్నెండేళ్లుగా ఇక్కడ ఆ మనిషిని నేను.

ఇవాళ పాలకసంఘం నుంచి చీటీ వచ్చింది. ‘గట్టు మీద దీపం’ పాటకి ఏభై ఏళ్లు నిండుతున్నాయి. కార్తీకం ఇరవై ఒకటిన పండగ. ఈలోగా పుట్టుక తేల్చమన్నారు. పాట పుట్టిన చోటే పాట పండగ చేయడం మా ఊరి పద్ధతి. నేను ఎక్కడ అని రాస్తే మూడు వేల మందీ అక్కడికి చేరతారు.

ఒక్క పుట్టుకైతే ఎంతసేపు? మూడున్నాయి. ఊరిని కాసే సముద్రపు గోడకి అతుకులు వేయడానికి నీళ్లలో మునిగిన మనిషి పైకి రాకపోతే, అతని భార్య గోడ కింద ఆఖరి మెట్టు మీద దీపం పెట్టుకుని కట్టిన పాట అని మెట్లవీధి వాళ్లంటారు. కాదు, జ్వరమొచ్చిన బిడ్డకి తల్లి పాడిన జోల అంటారు ఉప్పుమడుల వాళ్లు. పైవీధిలో చదువుకున్నవాళ్లు మాత్రం నవ్వేసి, యంత్రం చేసిందే, అందుకే అంత బాగా కుదిరిందంటారు. మూడింటికీ పోట్లాడేవాళ్లున్నారు. సాక్షి ఒక్కరూ లేరు.

సాయంత్రం ఐదింటికి తీగ ఫోను మోగింది. మెట్లవీధి పంపుగది నుంచి నా చెల్లెలు వరం. “గట్టు మీద దీపముందా” అని పాడింది. “ఉంది ఉంది, ఆరలేదు” అని అందుకున్నాను. ఈ వేళకి ఊరంతా ఇదే. కిందివాళ్లు అడగాలి, పైవాళ్లు అందుకోవాలి. అందుకోకపోతే, అడిగినవాళ్లు చేతిలో పని వదిలేసి పరుగున వచ్చి మనిషి ఉన్నదో పోయిందో చూడాలి. నేనొకసారి జ్వరంతో పడిపోయి అందుకోలేకపోయాను. వరం మూడు వందల పన్నెండు మెట్లూ ఎక్కొచ్చి, గ్రీజు చేతులతోనే నా నుదురు పట్టుకుని తిట్టింది.

కార్తీకం 4

సాయంత్రం పాట అయ్యాక వరం తీగ పెట్టెయ్యలేదు. గొంతులో నవ్వు ఆపుకుంటోంది.

“గోడ కూడా పాడతందక్కా,” అంది.

రెండు రోజులుగా, పోటు ఎక్కే వేళ పంపుగది వెనక గోడలోంచి పాట మొదటి ముక్క వినిపిస్తోందట. వినిపిస్తే వదిలేయకూడదు కదా, పంపువాళ్లు నలభైమందీ అందుకుంటున్నారట. పండగ దగ్గర పడిందని గోడకీ తెలిసిందని వీధిలో చెప్పుకుంటున్నారు. ముసలమ్మలు గోడకి పసుపు రాస్తున్నారు.

నేనూ నవ్వాను. తీగ పెట్టేశాక మాత్రం చాలాసేపు చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

కార్తీకం 6

దిగి వెళ్లి విన్నాను. నిజమే.

సన్నగా, సీసా మూతి మీద ఊదినట్టు రెండు స్వరాలు. ఒకటి, రెండు, ఆగి మళ్లీ ఒకటి, రెండు. పాట మొదటి చరణం నడిచేది ఆ రెండింటి మీదే. రెండో చరణంలో మూడు స్వరాలు, మూడో దాంట్లో నాలుగు. ఆఖర్న పల్లవి తిరిగి వచ్చినప్పుడు ఐదోది విచ్చుకుంటుంది. అక్కడ ఎంతటివాళ్లయినా కళ్లు మూసుకుంటారు. నేనూ మూసుకుంటాను.

గోడ ఇంజనీరు సోమరాజు గారిని అడిగాను. ఆయన నన్ను తెర ముందుకు తీసుకెళ్లి కుర్చీ వేశారు. గోడ నిండా పొదిగిన పలకలు ఒత్తిడినీ చెమ్మనీ లెక్కగట్టి ఆ తెర మీద చూపిస్తాయి. మొత్తం పచ్చగా ఉంది. ఎక్కడో గాలి దూరి కూస్తోందనీ, పండగయ్యాక చూద్దామనీ అన్నారు. మర్యాదస్తుడు. నా మొహం చూసి, “మీరు మళ్లీ మొదలెట్టకండమ్మా,” అన్నారు, మెల్లగా.

మళ్లీ అనడానికి కారణముంది. ఏడేళ్ల కిందట ఒక పాత కాగితం చూసి, రెండో నంబరు నీళ్ల తొట్టి పగులుతుందని నేను రాసిచ్చాను. మెట్లవీధిని పదకొండు రోజులు ఖాళీ చేయించి వానలో గుడారాల్లో ఉంచారు. తొట్టికి ఏమీ కాలేదు, ఇవాళ్టికీ చుక్క కారదు. గుడారంలో మాత్రం వరం మావగారికి జ్వరమొచ్చి మూడో రోజున పోయారు. అప్పటి నుంచి ఊళ్లో ఎవరైనా ఊరికే బెదిరితే ‘సత్యవేణి గారి జబ్బు’ అంటారు. వరం నన్ను ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా సాయంత్రం మళ్లీ పాడటం మొదలుపెట్టింది.

కార్తీకం 9

పాట కోసం పాత కట్టలు తిరగేస్తుంటే గోడ పునాది నక్షా దొరికింది. గోడ కింద పొడుగునా ఒక బోలు గది. అందులోంచి ఐదు రాగి గొట్టాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తున మొదలై, పంపుగది వెనకకి వస్తున్నాయి. ఎందుకో రాసిన మూల చెమ్మకి చివికిపోయింది. కింద పేరు చదవగలిగాను: ‘పాతరేవు, కొత్తరేవు గోడలకు.’

పాతరేవు మా ఊరికి ఉత్తరాన ఉండేది. రెండు గోడలూ ఒకే ఏడు, ఒకే మనుషులు కట్టారు. మా ఏళ్ల లెక్క అప్పటి నుంచే. దానిది మూడో ఏట కూలింది. ఇవాళ అక్కడంతా సముద్రమే.

గొట్టాలు ఐదు. స్వరాలు ఐదు.

రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. వేళ్లు ఐదు, వారంలో పని రోజులు ఐదు. ఐదు ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసినట్టు కలుపుకుంటున్నానేమో. తొట్టి విషయంలో చేసింది అదేగా.

సాయంత్రం వరం చెప్పింది, పొద్దుట పోటుకి గోడ రెండో చరణం ఎత్తుకుందట. వాళ్లు చప్పట్లు కొట్టారట.

కార్తీకం 11

పాతరేవు కూలిన నాడు మా ఊరి తీగ ఫోన్ల గదిలో ఉన్నవాళ్లెవరని పాత హాజరు పట్టీలు చూశాను. ఒక్కరే మిగిలారు. చిన్నమ్మడు గారు, డెబ్బైకి దగ్గర, ఉప్పుమడుల చివర కోళ్లు పెంచుకుంటున్నారు. నేనెవరో చెప్పి పాట మాట ఎత్తగానే చేటలో నూకలు కోళ్లకి చల్లేసి లోపలికి వెళ్లిపోయారు. గంట సేపు అరుగు మీద కూర్చున్నాను. చివరికి ఆవిడే మజ్జిగ పట్టుకుని వచ్చారు.

ఆవిడ చెప్పింది ఇది. అప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్లు. పాతరేవు పంపుగది తీగ చివర కూర్చుని వినడం ఉద్యోగం. ఆ రోజు అక్కడివాళ్లు ఫోను ఎత్తి, ఏదో చెప్పబోయి, పక్కన పడేసి వెళ్లారు. తీగ తెరిచే ఉంది. అందులోంచి ఈల లాంటిది వచ్చింది. రెండు స్వరాలు. ఆనక మూడు. ఆనక నాలుగు.

“పాడుకుంటన్నారనుకున్నానమ్మా,” అన్నారు. “బాగుంది. నేనూ అందుకున్నాను.”

పై అధికారికి చెప్పాల్సింది. చెప్పలేదు. వింటూ, గొంతు కలుపుతూ కూర్చున్నారు. మూడు గంటలు. ఐదో స్వరం వచ్చింది, ఆ తర్వాత తీగ చచ్చిపోయింది. మర్నాడు పడవలు వెళ్తే పాతరేవు లేదు.

ఆ రాగం ఆవిడ నోట్లోంచి పోలేదు. పనిలో, నిద్రలో అదే. పక్క కుర్చీ పిల్ల ఎవరో దానికి మాటలు కట్టింది. రెండేళ్లలో ఊరంతా పాడింది. ఇది తన వల్లేనని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. గజాల పొడుగు మూడు కథలు ఊళ్లో తిరుగుతుంటే కోళ్ల గూడు శుభ్రం చేసుకుంటూ విన్నారు.

“ఐదోది విన్నవాళ్లు అక్కడ ఒక్కరూ మిగల్లేదు. నేనిక్కడున్నాను గనక మిగిలాను.”

నక్షా చూపించాను. కళ్లజోడు పెట్టుకోకుండానే పక్కకి తోసేశారు. గొట్టాలెందుకో ఆవిడే చెప్పారు, పాతరేవు పోయాక తెలిసిందట. గోడ కింద గదిలోకి నీళ్లు చేరుతుంటే లోపలి గాలి గొట్టాల్లోంచి బయటికి తన్నుకొస్తుంది. నీటి మట్టం ఎక్కేకొద్దీ ఒక్కో గొట్టం కూస్తుంది. చదువు రాని పంపు మనిషికి కూడా తెలియాలని పెట్టారు. పలకలూ తెరా వచ్చాక గొట్టాల సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. తెర చూసేది గోడని. గోడ కింద ఏముందో తెరకి తెలియదు.

కార్తీకం 12

సోమరాజు గారికి అంతా చెప్పాను. ఆయన విన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి జ్ఞాపకమూ, మూల చివికిన నక్షా పెట్టుకుని మూడు వేల మందిని మళ్లీ కదిలిస్తే, ఈసారి ఏమీ కాకపోతే, మిమ్మల్ని ఈ ఊళ్లో ఉండనివ్వరండి అన్నారు. నా మంచికే అన్నారు. బోలు గది తెరిచి చూడాలంటే పంపులు ఆపాలట. పంపులు ఆపితే మెట్లవీధిలోకి ఎటూ నీళ్లే.

వరానికి తీగ మీద చెప్పాను.

“మా మావగారు పోయిన ఏడూ ఇలాగే చెప్పావక్కా,” అంది. “తప్పు పట్టట్లేదు. గుర్తొచ్చిందంతే.”

నిన్న గోడ మూడు స్వరాలూ రోజంతా పాడిందట, పోటు లేకపోయినా.

కార్తీకం 15

అన్నం సయించడం లేదు. చెవిలో ఎప్పుడూ అదే. కుండలో నీళ్లు పోస్తే అదే, తలుపు కిర్రుమంటే అదే. నిజంగా వింటున్నానో, వినాలని వింటున్నానో.

ఒక్కటి మాత్రం తేలిగ్గా కనబడుతోంది. పాలకసంఘం మెట్లవీధి కథ వైపే మొగ్గుతోంది. పండగ ఆఖరి మెట్టు మీద, గోడని ఆనుకుని చేస్తారు. మూడు వేల మంది పిల్లాజెల్లాతో గోడ కింద నిలబడి పాడతారు. ఆ హోరులో నాలుగో స్వరం వచ్చినా ఎవరికీ వినబడదు. వినబడితే అందుకుంటారు.

నేను ప్రమాదమని రాస్తే నమ్మరు. పుట్టుక రాస్తే నమ్ముతారు.

పన్నెండేళ్లలో నేను తెలిసి అబద్ధం నమోదు చేయలేదు. ఇవాళ చేశాను. వస్తువు: ‘గట్టు మీద దీపం’. పుట్టుక: కొండ మీది దీపస్తంభం దగ్గర, గాలివాన నాడు, కింద పంపుగదిలో ఉన్న కొడుకు కోసం దీపం ఆరనివ్వకుండా కాసిన తల్లి పాడినది. ఊరు మొత్తం పక్కబట్టలతో ఆమె దగ్గరికి చేరి మూడు రోజులు కొండ మీదే ఉన్నదని ప్రతీతి. సాక్ష్యం: నోటి మాట. సంతకం తేలిగ్గానే పడింది. అదే భయమేసింది.

కార్తీకం 18

పండగ కొండ మీదికి మారింది. మూడు రోజులూ అక్కడే ఉండాలని చాటింపు వేశారు. మెట్లవీధి వాళ్లు రెండు రోజులు అలిగారు గానీ, కథలో పంపుగది ఉంది కాబట్టి సర్దుకున్నారు. చిత్రమేమిటంటే, ఇవాళ పొద్దుట ముగ్గురు విడివిడిగా నా గదికి వచ్చి, ఆ తల్లి కథ వాళ్ల నాయనమ్మ చెప్పేదని ప్రమాణం చేశారు. ఒకాయన ఆమె పేరు కూడా చెప్పాడు. రాసుకున్నాను.

గోడ నాలుగో స్వరం ఎత్తుకుంది.

కార్తీకం 20

ఇల్లిల్లూ చాపలూ గిన్నెలూ కట్టుకుని మెట్లెక్కుతోంది. పైనుంచి చూస్తే చీమల బారులా ఉంది. ఒక్కరోజు ఆగమ్మా, ఒక్కరోజు, అని గోడతో అంటున్నాను. నా వయసుకి, నా చదువుకి తగిన పని కాదు.

మధ్యాహ్నం వరం తీగ చేసింది. తను రాదట. పాటలో అడిగేది కిందివాళ్లు. అందరూ పైనే ఉంటే అడిగేదెవరు? కింద ఎవరూ లేకుండా పాట అవదని పంపువాళ్లు తీర్మానించుకున్నారట. పంపులు చూడటానికీ మనుషులు ఉండాలి. నలభైమందీ ఉంటామంటే సోమరాజు గారే ఆరుగురు చాలని మిగిలినవాళ్లని పైకి పంపారట. ఆయన ఎందుకలా అన్నారో అడగలేదు. ఆయన తన పక్కబట్టలు అందరికంటే ముందే పైకి పంపడం మాత్రం చూశాను.

రమ్మని బతిమాలాను. ఏడ్చాను కూడా.

“నీ కథలోనే ఉంది కదక్కా, కింద కొడుకున్నాడని. ఆ కొడుకుని నేనే అనుకో,” అంది. నవ్వుతోంది. “రేపు మొదటి అందుకోలు నీదే. గొంతు సరిచేసుకో.”

నిజమే. పుట్టుక నమోదు చేసినవాళ్లే ముందు అందుకోవాలి. ఆ తర్వాతే ఊరు గొంతు కలపాలి.

నా అబద్ధంలో ఒక మనిషిని కింద పెట్టాను. ఆ చోట నా చెల్లెలు నిలబడింది.

కార్తీకం 22

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వరస తప్పితే తప్పనీ.

ఐదింటికి దీపస్తంభం చుట్టూ మూడు వేల మంది. పంపుగది తీగని నాలుగు స్పీకర్లకి కలిపారు. ఫోను నా చేతిలో ఉంది. నా పక్కన సోమరాజు గారు, ఆయన పక్కన చిన్నమ్మడు గారు. ఆవిడని నేనే పిలిపించాను.

వరం గొంతు కొండంతా వినబడింది. “గట్టు మీద దీపముందా.”

నేను అందుకోలేదు.

ముందే అనుకున్నది కాదు. నోరు తెరిచాను, అప్పుడే తట్టింది. ఇరవై ఏళ్లుగా ఆమె అడిగితే నేను అందుకున్నాను. అందుకోకపోతే ఏం చేస్తుందో నాకొక్కదానికే తెలుసు.

స్పీకర్లు బుసకొడుతున్నాయి. వరం మళ్లీ పాడింది. గొంతు కొంచెం పలచబడింది. జనం నా వైపు చూస్తున్నారు. సోమరాజు గారు వంగి, “అందుకోండమ్మా, బాగుండదు,” అన్నారు. పెదవులు పళ్ల మధ్య బిగించాను. రక్తం ఉప్పగా తగిలింది. నేను ముందు అనకుండా ఊరు అనదు. మూడు వేల మంది నా నోరు చూస్తూ నిలబడ్డారు.

మూడోసారి ఆమె పాడలేదు. “అక్కా?” అంది. అంతే.

కింద పంపుగదిలో ఆ నిశ్శబ్దం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. ఒక్కరు అందుకోకపోతే ఒక మనిషి పోయినట్టు. కొండ మొత్తం అందుకోకపోతే? ఫోను దేనికో కొట్టుకున్న చప్పుడు. ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు. అడుగులు. ఇనుప తలుపు.

తర్వాత ఖాళీ గది చప్పుడు. అందులోంచి, స్పీకర్ల మీద, నాలుగు స్వరాలు.

నేను చెప్పినప్పుడు నమ్మనివాళ్లు, ఇన్నాళ్లూ తమ గొంతుల కింద అది వినబడనివాళ్లు, ఇప్పుడు విన్నారు. మనుషులెవరూ పాడటం లేదని అందరికీ తెలుసు. అయినా వెనక వరసల్లో ఎవరో ఆడమనిషి అలవాటు కొద్దీ కూనిరాగం అందుకుంది. పక్కవాళ్లు కలిపారు. చిన్నమ్మడు గారు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

“అందుకోకండమ్మా,” అన్నారు. “నేను అందుకున్నాను. వద్దు.”

గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను మెట్ల వైపు చూస్తున్నాను. మలుపు దాటితే గానీ మనిషి కనబడరు. మలుపుకి కింద నూట తొంభై మెట్లు.

అప్పుడు ఐదోది వచ్చింది. మేం పాడే ఐదోదానిలా లేదు. మేం దాన్ని తీయగా తీస్తాం, సాగదీస్తాం. అది చిన్నగా, పొడిగా, గుటక వేసినట్టుంది. తీగ చచ్చిపోయింది. ఆ తర్వాత కాళ్ల కింద కొండ అదిరింది. కింద ఏమైందో చూడలేదు. చూసినవాళ్లు చెప్పారు, గోడ పడిపోలేదట, కూర్చుండిపోయిందట.

మలుపు దగ్గర ఒకరు కనబడ్డారు. ఇద్దరు. నలుగురు. ఐదుగురు.

లెక్క తప్పానని మళ్లీ లెక్కపెట్టాను. ఐదుగురే.

ఆరో మనిషి చేతులూ కాళ్లూ ఆన్చి పాకుతూ వచ్చింది. నడుము దాకా తడి, ఒక చెప్పు లేదు. నన్ను చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

“పోయావనుకున్నాను,” అంది వరం. “అందరూ పోయారనుకున్నాను.” లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఆ చేత్తోనే నా నుదురు పట్టుకు చూసింది.

కార్తీకం 24

రిజిస్టరులో తల్లి కథ కొట్టేశాను. పుట్టుక: పాతరేవు పంపుగది, తీగ మీద. సాక్ష్యం: చిన్నమ్మడు. ఆవిడ వేలిముద్ర వేసి, చేతిని చీరకి చాలాసేపు తుడుచుకున్నారు.

కొట్టివేత ఎవరికీ పట్టలేదు. దీపం కాసిన తల్లే మమ్మల్ని కొండ మీదికి పిలిచిందని గుడారాల్లో అప్పుడే చెప్పుకుంటున్నారు. ఈ పూట ఆమెకి దీపం పెట్టారు.

మెట్లవీధి నీళ్ల కింద ఉంది. గొట్టాలు విరగలేదు. నీళ్లు ఆటుకి తగ్గి, బోలు గదిలోకి గాలి చేరి, మళ్లీ పోటుకి బయటికి తోసుకొస్తోంది. రోజుకి రెండుసార్లు. ఈ సాయంత్రం పోటు వేళ ఇంచుమించు ఐదింటికి పడింది. అన్నం వండుతున్నవాళ్లు చేతులు ఆపేశారు. కింద నీళ్లలోంచి రెండు స్వరాలు వచ్చాయి, ఆగాయి, మళ్లీ వచ్చాయి. అడుగుతున్నట్టే ఉంది.

మూడు వేల మందిమీ నోళ్లు బిగించుకుని కూర్చున్నాం. నా పక్కన వరం నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. గొంతు రానివ్వలేదు గానీ, పెదవులు కదులుతూనే ఉన్నాయి.